మంగళగిరి చీరల వెబ్‌సైట్ గూగుల్‌లో ఎంత వెతికినా దొరకడం లేదు

ప్రశ్న: గుంటమగ్గం

అందరికీ నమస్కారం. మాది మంగళగిరి. మూడు తరాలుగా నేతపనే మా జీవనాధారం. ఇంట్లో రెండు గుంటమగ్గాలు ఉన్నాయి. వాటి మీద నేసినవే కాక, తెలిసిన మరో పది పన్నెండు కుటుంబాల వారు నేసిన నూలు చీరలను, చుడీదారు బట్టలను కూడా మేమే తీసుకొని అమ్ముతుంటాము. ఇదివరకు సరుకంతా విజయవాడ, గుంటూరు దుకాణాలకే వేసేవాళ్ళము. కట్టుకునేవారికే నేరుగా అమ్మితే నేసినవారికి నాలుగు రూపాయలు ఎక్కువ మిగులుతాయన్న ఉద్దేశంతో నిరుడు ఒక సంస్థకు 40 వేల రూపాయలు ఇచ్చి వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో వెబ్‌సైట్ చేయించుకున్నాము.

సైటు చూడడానికి ముచ్చటగా ఉంది. చిరునామా పంపినవారందరూ బాగుందన్నారు. అయితే ఎనిమిది నెలలైనా మేము పంపకుండా తమంతట తాము కనుక్కొని వచ్చినవారు ఒక్కరూ లేరు. "మంగళగిరి నూలు చీరలు" అని తెలుగులో వెతికినా, ఇంగ్లీషులో వెతికినా పెద్ద అంగళ్ళ సైట్లే వస్తున్నాయి. మా దుకాణానికి అమ్మవారి పేరు పెట్టుకున్నాము. ఆ పేరుతో ప్రతి ఊళ్ళోనూ ఒక బట్టల కొట్టు ఉంటుంది కాబట్టి, పేరు పూర్తిగా కొట్టినా ఎక్కడో మూడో పేజీలో మా ఫేస్‌బుక్ పేజీ వస్తుందే గాని వెబ్‌సైట్ రాదు.

చేసినవారిని అడిగితే, అది వేరే పని అని, దానికి వేరే ఖర్చవుతుందని చెప్పారు. ఇంతలో మరొక సంస్థ వారు ఫోను చేసి, నెలకు 15 వేలు కడితే మూడు నెలల్లో మొదటి పేజీలో మొదటి స్థానానికి తెస్తామని, ఐదు వందల సైట్ల నుంచి లింకులు కూడా ఇప్పిస్తామని మాట ఇస్తున్నారు. నెలకు 15 వేలంటే మాకు చిన్న మొత్తం కాదు. ఆ డబ్బు పెట్టవచ్చునా? సొంతంగా చేసుకోగలిగితే ఎక్కడ మొదలుపెట్టాలి? నేను బీకాం చదివాను. ఫొటోలు ఎక్కించడం, ధరలు మార్చడం వరకు వచ్చు. వివరాలు తెలుగులో రాయాలా, ఇంగ్లీషులో రాయాలా అన్నది కూడా పెద్దలు చెప్పగలరు.

జవాబు: సర్వర్‌గది

ఆ 15 వేల సంగతి ముందు తేల్చేద్దాం. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తన సహాయ పేజీల్లోనే రాసిపెట్టింది. కాబట్టి హామీ అన్న మాట వినబడగానే ఫోను పెట్టేయవచ్చు. డబ్బు కట్టి పైన కనిపించేది ప్రకటన ఒక్కటే, అది వేరే లెక్క, కట్టడం ఆపిన రోజే ఆగిపోతుంది. వేరే సైట్లు ఇచ్చే లింకును గూగుల్ సిఫార్సులా చూస్తుంది కాబట్టి వాటిని అమ్మేవారుంటారు. అలా కొన్న లింకుల మాటకొస్తే, 2012లో పెంగ్విన్ అన్న పేరుతో వచ్చిన మార్పు నాటి నుంచి గూగుల్ వాటి మీద కన్నేసి ఉంచింది. ఎక్కువ సందర్భాల్లో అటువంటి లింకులను లెక్కలోకి తీసుకోదు, అంటే మీ డబ్బు వృథా. మరీ బరితెగిస్తే సైటునే వెనక్కి నెట్టేస్తుంది.

ఇక మీ అసలు సమస్య. "కనిపించడం లేదు" అనే మాటలో రెండు వేర్వేరు జబ్బులు ఉన్నాయి. గూగుల్ తాను చదివిన పేజీలను రాసుకునే పట్టికలోకి (ఇండెక్స్) మీ పేజీలు అసలు ఎక్కకపోవడం ఒకటి; ఎక్కినా, పోటీలో వెనకబడి ఉండడం మరొకటి. చాలామంది మొదటిది ఉందో లేదో చూసుకోకుండానే రెండోదానికి మందు కొంటారు. గూగుల్ పెట్టెలో 'సైట్' అన్న ఇంగ్లీషు మాట, దాని వెంటనే కోలన్ గుర్తు, ఆ వెంటనే ఖాళీ వదలకుండా మీ చిరునామా కొట్టి చూడండి. మీ పేజీలు జాబితాగా వస్తే పట్టికలో ఉన్నట్టే. ఏమీ రాకపోతే మొదటి జబ్బేనని దాదాపుగా అనుకోవచ్చు.

అలా ఏమీ రాకపోతే, మరేదీ ముట్టుకోకుండా వర్డ్‌ప్రెస్ సెట్టింగ్స్‌లో రీడింగ్ అన్న పేజీ తెరవండి. ఈ సైటును పట్టికలో చేర్చవద్దని సెర్చ్ ఇంజన్లకు చెప్పే ఒక గడి అక్కడ అడుగున ఉంటుంది. సైటు కడుతున్నంతకాలం సగం సగం పేజీలు బయటపడకూడదని ఆ గడిలో టిక్కు పెట్టుకోవడం మామూలే; అప్పగించేటప్పుడు తీయడం మరచిపోవడం కూడా, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, మా వృత్తిలో మామూలే. ఆ టిక్కు ఉన్నంతసేపు ప్రతి పేజీలోనూ 'నోఇండెక్స్' అనే ఆదేశం ఉంటుంది, గూగుల్ దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తుంది.

దీన్ని రోబోట్స్ ఫైలుతో కలిపి తికమక పడవద్దు. ఫలానా పేజీల లోపలికి రావద్దని, గూగుల్ తరఫున పేజీలు చదివే యంత్రాన్ని గుమ్మం దగ్గరే ఆపేది రోబోట్స్ ఫైలు. లోపలికి వచ్చి చదివినా పట్టికలో రాయవద్దని చెప్పేది నోఇండెక్స్. రెండూ ఒకేసారి పెడితే, గుమ్మం దగ్గర ఆగిపోయిన యంత్రానికి లోపలి ఆదేశం కనిపించదు. అప్పుడు మీరు దాచాలనుకున్న చిరునామా బయటి లింకుల ద్వారా పట్టికకు ఎక్కినా ఎక్కవచ్చు.

ఆ తరువాత, మీ సైటు గూగుల్‌కు ఎలా కనబడుతోందో చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఖాతా తెరవండి. దానికి డబ్బు కట్టనక్కరలేదు. డొమైన్ (సైటు చిరునామా) అమ్మిన కంపెనీ ఖాతాలోకి వెళ్ళి, డీఎన్ఎస్ అన్న చోట గూగుల్ ఇచ్చిన చిన్న సంకేతాన్ని చేరిస్తే సైటు మీదేనని రుజువవుతుంది. తరువాత సైట్‌మ్యాప్ (సైటులోని పేజీల జాబితా) చిరునామా అందించండి. 2020 ఆగస్టులో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్సే దాన్ని తయారుచేస్తోంది. సైట్‌మ్యాప్ ఇచ్చినంత మాత్రాన అన్ని పేజీలూ ఎక్కుతాయని కాదు, అవి ఉన్నట్టు గూగుల్‌కు తెలుస్తుంది, అంతే. ఇంకొక సంగతి: గూగుల్ ఇప్పుడు మీ సైటును ఫోనులో కనిపించే రూపంలోనే చదువుతుంది. కాబట్టి మీరు కూడా కంప్యూటరు మూసేసి ఫోనులో చూసుకోండి.

గుంటమగ్గం

సర్వర్‌గది గారికి ధన్యవాదాలు. మీరు చెప్పినట్టు వెతికితే ఒక్క పేజీ కూడా రాలేదు. రీడింగ్ పేజీ తెరిస్తే ఆ గడిలో టిక్కు అలాగే ఉంది! ఎనిమిది నెలలుగా ఉంది. నాన్నగారికి చెబితే, "కొట్టుకు తాళం వేసుకొని బేరం రాలేదని ఏడుస్తున్నామన్నమాట" అన్నారు.

టిక్కు తీసి, సెర్చ్ కన్సోల్‌లో పేరు నమోదు చేసి, సైట్‌మ్యాప్ ఇచ్చి ఇప్పటికి పన్నెండు రోజులైంది. దుకాణం పేరు, ఊరి పేరు కలిపి కొడితే ఇప్పుడు సైటు మొదటనే వస్తోంది. కాని మొత్తం నూట నలభై పేజీల్లో పంతొమ్మిది మాత్రమే పట్టికలోకి ఎక్కాయి. మిగిలినవాటిలో చాలావాటి ఎదుట, చదివాము గాని ప్రస్తుతానికి పట్టికలో చేర్చలేదు అన్న అర్థం వచ్చే మాట ఉంది. ఒక్కొక్క చీరకు ఒక్కొక్క పేజీ పెట్టాము. పైన కోడు నంబరు, కింద ఫొటో, ధర ఉంటాయి. చీర వివరాలు తెలుగులో అందంగా ఉండాలని డీటీపీ చేసే అతనితో టైపు చేయించి, ఫొటో మీదనే వేయించాము. చీర అమ్ముడుపోగానే ఆ పేజీ తీసేస్తాము. ఇందులో తప్పెక్కడ జరిగింది?

జవాబు: అచ్చుతప్పు

నేను ఇరవై ఏళ్ళు డీటీపీ చేసి, తరువాత, ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఇచ్చే యూనికోడ్ వైపు వచ్చినవాడిని, కాబట్టి ఈ ప్రశ్న నాకోసమే అడిగినట్టుంది. ఫొటో మీద వేసిన అక్షరాలను సెర్చ్ ఇంజన్ పేజీలోని మాటలుగా చదువుతుందని నమ్ముకోవడానికి వీల్లేదు. దాని లెక్కలో మీ పేజీలో ఉన్నవి ఒక కోడు నంబరు, ఒక ధర. అటువంటివి నూరు పేజీలు వరుసగా కనబడితే, ఇందులో చేర్చవలసినది ఏముంది అని అది పక్కన పెట్టడం న్యాయమే అనిపిస్తుంది.

మీ డీటీపీ మిత్రుడి దగ్గర ఉన్న మేటరును అలాగే తెచ్చి పేజీలో అతికించకండి. అను వంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరం తెలుగు సంకేతంగా ఉండదు; ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన చోట్లలో తెలుగు బొమ్మలు కూర్చి ఉంటాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో మనకు "చీర" అని కనిపించినది యంత్రానికి అర్థంలేని గుర్తుల వరుస. 1991 నాటి తొలి వెర్షన్ నుంచే యూనికోడ్‌లో తెలుగుకు సొంత స్థానం ఉంది. వెబ్‌సైటులో పెట్టే ప్రతి తెలుగు మాటా అందులోనే ఉండాలి. పాత మేటరును యూనికోడ్‌లోకి మార్చే ఉపకరణాలు దొరుకుతాయి, అయితే మార్చిన తరువాత ఒత్తులు, పొల్లులు ఒకసారి కళ్ళతో చూసుకోవాలి.

తెలుగా, ఇంగ్లీషా అంటే, రెండూ. కాని ఒకే పేజీలో పేరా పేరాకూ మార్చి మార్చి రాయకుండా, తెలుగు పేజీ వేరుగా, ఇంగ్లీషు పేజీ వేరుగా ఉంచి, ఒకదానికొకటి జతలని తెలిపే భాషా గుర్తు పెట్టండి. దూరప్రాంతాల వారు, విదేశాల్లోని మనవాళ్ళు ఎక్కువగా రోమన్ లిపిలోనే వెతుకుతారు, అందులోనూ తలకొక స్పెల్లింగు రాస్తారు. అవన్నీ ఏరి పేజీ అడుగున కుప్పపోయనక్కరలేదు. అటువంటి తేడాలను గూగుల్ చాలామటుకు తానే సర్దుకుంటుంది. కీవర్డులు, అంటే వెతికే మాటలు, రాసిపెట్టడానికి పేజీలో పైకి కనబడకుండా ఉండే మెటా ట్యాగును ర్యాంకు కోసం చూడడం లేదని 2009లోనే ప్రకటించింది కూడా. ఇప్పటికీ ఆ ట్యాగు నింపిపెట్టడానికి డబ్బు తీసుకునేవారున్నారు, జాగ్రత్త.

పేజీ చిరునామాను మాత్రం రోమన్ లిపిలో, చిన్నదిగా ఉంచండి. తెలుగు చిరునామాను గూగుల్ బాగానే చదువుతుంది, చిక్కల్లా మనుషులతోనే. "చీర" అన్న మాటలో చకారం, గుడిదీర్ఘం, రేఫ అని మూడు యూనికోడ్ సంకేతాలుంటే, ఒక్కొక్కటీ మూడేసి బైట్లు. దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే బైటుకు మూడేసి అక్షరాల చొప్పున, శాతం గుర్తులతో నిండిన 27 అక్షరాల తోకగా మారవచ్చు. అది చూసి, ఇదేదో వైరస్ లింకని మా మేనత్త నొక్కడానికి భయపడింది.

మరి పేజీలో ఏమి రాయాలి? పెద్ద అంగళ్ళవారు రాయలేనిది రాయండి. మంగళగిరి చీర ఒంటి మీద బుటాలు లేకుండా సాదాగా ఉండి, అందమంతా అంచులోనే ఎందుకు ఉంటుంది, నిజాం అంచు అని దేన్ని అంటారు, 80 కౌంటు (దారం సన్నదనపు కొలత) నూలు అంటే చేతికి ఎలా తెలుస్తుంది, మొదటి ఉతుకులో గంజి పోయాక బట్ట ఎలా మారుతుంది, రవిక ముక్క కలిపి ఉందా లేదా, ఇవన్నీ కొనేవారు ఫోనులో మిమ్మల్ని అడిగే ప్రశ్నలే కదా. ఇది నిజంగా చేనేతేనా, పవర్‌లూమా అన్న అనుమానం ప్రతివారికీ ఉంటుంది. 2006 నుంచి ప్రభుత్వం ఇస్తున్న హ్యాండ్‌లూమ్ మార్క్ మీ దగ్గర ఉంటే దాని సంగతి, మగ్గం మీద పడుగు చేరినప్పటి నుంచి చీర దిగేదాకా తీసిన మీ ఇంటి ఫొటోలు ఒక పేజీలో పెట్టండి. ఆ ఫొటోలకు ఆల్ట్ టెక్స్ట్ అన్న గడిలో, ఫొటోలో ఏముందో చూడలేనివారికి చెబుతున్నట్టు ఒక వాక్యం రాయండి.

జవాబు: సర్వర్‌గది

అచ్చుతప్పు గారు చెప్పినదానికి తోడుగా, అమ్ముడుపోయిన చీర పేజీని తీసేయడం గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చేనేత సైట్లన్నిటిలోనూ ఉండే చిక్కు ఇదే. ఫ్యాక్టరీ సరుకైతే ఒకే వస్తువు వెయ్యి ముక్కలుంటాయి, పేజీ ఏళ్ళ తరబడి నిలుస్తుంది. మీ దగ్గర ఒక్కొక్క చీరా ఒంటరిదే. గూగుల్ వచ్చి, చదివి, దాని విలువ తేల్చుకునే లోపలే చీర అమ్ముడుపోయి పేజీ మాయమైపోతోంది. వచ్చిన ప్రతిసారీ పాత చిరునామాలు పోయి కొత్తవి కనబడే సైటులో ఏ పేజీకీ పేరు నిలవదు. ఎవరైనా తమ బ్లాగులో మీ చీరకు లింకు ఇచ్చినా, పది రోజుల్లో అది చెల్లనిదైపోతుంది.

కాబట్టి చీరకు కాకుండా రకానికి పేజీ కట్టండి. నిజాం అంచు నూలు చీరలకు ఒకటి, నూలు, పట్టు కలిసిన సీకో చీరలకు ఒకటి, చుడీదారు బట్టకు ఒకటి, ఇలా ఎనిమిదో పదో శాశ్వతమైన పేజీలు చాలు. రాయవలసినదంతా ఆ పేజీల్లో రాయండి. విడి చీరలు వాటి కింద వస్తూ పోతూ ఉంటాయి. అమ్ముడుపోయిన చీర పేజీని వెంటనే తీయకుండా, అయిపోయిందని రాసి, అదే రకం పేజీకి దారి చూపించండి. పాత చిరునామాలన్నిటినీ గంపగుత్తగా హోమ్ పేజీకి మళ్ళించవద్దు. సంబంధంలేని చోటికి మళ్ళిస్తే గూగుల్ దాన్ని పోయిన పేజీగానే లెక్క కడుతుంది, వచ్చిన మనిషికీ చిరాకు.

ప్రతి పేజీకీ దాని సొంత టైటిల్ ఉండాలి. మీ సైటులో అన్ని పేజీలకూ దుకాణం పేరే టైటిల్‌గా ఉండి ఉంటుందని నా అనుమానం. "నిజాం అంచు మంగళగిరి నూలు చీరలు" అని సరుకు పేరు ముందు రాసి, ఆ తరువాత దుకాణం పేరు పెట్టండి. ఫొటోలు కెమెరా నుంచి దిగినవి దిగినట్టు ఐదారు ఎంబీలతో ఎక్కించి ఉంటే వాటిని తగ్గించి మళ్ళీ ఎక్కించండి. పేజీలో ముఖ్యమైన భాగం రెండున్నర సెకన్లలో కనబడాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత. దీనివల్ల ర్యాంకు అమాంతం పెరుగుతుందని చెప్పను, బొమ్మ తెరుచుకోక వెనక్కిపోయే కొనుగోలుదారు మాత్రం మిగులుతాడు.

జవాబు: ఆవకాయ జాడీ

నేను రాజమహేంద్రవరంలో ఇంటి పచ్చళ్ళ వ్యాపారం చేస్తున్నాను. పైన పెద్దలు చెప్పినవన్నీ మంచివే, కాని నాకు గూగుల్ ద్వారా వచ్చిన మొదటి బేరం వెబ్‌సైటు వల్ల రాలేదు బాబూ, మ్యాప్ వల్ల వచ్చింది. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అని ఉంటుంది, 2021 దాకా దాన్ని మై బిజినెస్ అనేవారు. డబ్బేమీ అక్కరలేదు. పానకాల స్వామి దర్శనానికి వచ్చినవారు కొండ దిగి, దగ్గరలో చేనేత చీరలు ఎక్కడ దొరుకుతాయని ఫోనులో వెతికితే వచ్చేది ఆ పటమే. అక్కడ దూరం, అడిగినదానికి మీ సరుకు సరిపోవడం, మీకున్న పేరు, ఈ మూడిటిని చూసి వరుస పెడతారు. మొదటిది మన చేతిలో లేదు, మిగిలిన రెండూ ఉన్నాయి.

రెండు జాగ్రత్తలు చెబుతాను. బోర్డు మీద ఏ పేరు ఉందో అదే రాయండి. "బెస్ట్ మంగళగిరి శారీస్" అంటూ పేరుకు తోకలు తగిలించడం నిబంధనలకు విరుద్ధం, ఎవరైనా ఫిర్యాదు చేస్తే ప్రొఫైలే ఆగిపోవచ్చు. రివ్యూ రాస్తే తగ్గింపు ఇస్తామని చెప్పడం కూడా కూడదు. కొన్నవారికి లింకు పంపి, మీకు తోచినది రాయండని అడిగితే సరిపోతుంది. ఒకాయన నా మాగాయలో ఉప్పు ఎక్కువైందని రాశాడు. ఆ డబ్బా ఏ నెలలో పట్టినదో కనుక్కొని, తప్పు ఒప్పుకొని జవాబు రాశాను. ఆ జవాబు చదివే ఆర్డరు పెట్టామని తరువాత ఇద్దరు చెప్పారు.

ఇంకొక మాట, ఇది నా గోడు. మీ వెబ్‌సైటు డొమైను ఎవరి పేరు మీద ఉందో ఈ రోజే చూసుకోండి. నా మొదటి సైటు చేసినవారు దాన్ని తమ పేరు మీదే కొన్నారు. రెండేళ్ళ తరువాత వాళ్ళు వ్యాపారం మూసేసి ఫోనులు ఎత్తడం మానేశారు, గడువు తీరి ఆ చిరునామా ఇంకెవరి చేతికో పోయింది. డబ్బాల మీద అచ్చు వేయించిన లేబుళ్ళన్నీ చించి పారేశాను.

జవాబు: నెలజీతం

సైట్లను గూగుల్‌లో పైకి తెచ్చే పనే జీతానికి చేస్తున్నవాడిని కాబట్టి నా పక్షం కూడా కొంచెం చెప్పనివ్వండి. డబ్బు తీసుకునేవారందరూ మోసగాళ్ళు కారు. అయితే మీ స్థితిలో నెలనెలా కట్టవలసిన అవసరం లేదు. కావాలంటే ఒకేసారి సైటంతా పరీక్షించి, తప్పులు రాసి ఇచ్చేవారికి ఆ ఒక్క పనికి డబ్బు ఇవ్వండి. సెర్చ్ కన్సోల్ తాళాలు మాత్రం మీ దగ్గరే ఉంచుకొని వారికి చూసే అనుమతి ఇవ్వండి, చాలు. ఫలితం కనబడడానికి నాలుగు నెలల నుంచి ఏడాది దాకా పడుతుందని గూగుల్ కూడా అంటుంది. "మంగళగిరి చీరలు" అన్న రెండు మాటలకు పెద్ద అంగళ్ళను దాటి మీరు పైకి వస్తారని నేను అనుకోను. "నిజాం అంచు నూలు చీర మొదటిసారి ఎలా ఉతకాలి" అన్నదానికి రావచ్చు, ఆ అడిగినవారికి ఒక చీర ఉంది కాబట్టి రెండోది కొనే అవకాశమూ ఉంది.

గుంటమగ్గం

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. నెలకు 15 వేలు అడిగినవారికి వద్దని చెప్పేశాము. నిన్న రాత్రి అమ్మ చెబుతుంటే నేను టైపు చేస్తూ నిజాం అంచు పేజీ పూర్తిచేశాము. నేను రాసుకున్న "అద్భుతమైన", "అపురూపమైన" అన్న మాటలన్నీ తీసేయించి, గంజి గురించి, ముదురు రంగు చీరను మొదట విడిగా ఉతకడం గురించి చెప్పి రాయించింది. బిజినెస్ ప్రొఫైల్‌కు దుకాణం ముందు నిలబడి, బోర్డు, వీధి కనబడేలా వీడియో తీసి పంపాము. పరిశీలనలో ఉందని వచ్చింది.

ఆవకాయ జాడీ అక్కగారూ, మీరు చెప్పాక డొమైను వివరాలు చూశాను. అది సైటు చేసినవారి పేరు మీదే ఉంది, గడువు ఇంకా ఇరవై మూడు రోజులే. ఈ ఉదయం నాన్నగారు నేరుగా వాళ్ళ ఆఫీసుకే వెళ్ళి కూర్చున్నారు. బదిలీకి కావలసిన సంకేతం సాయంత్రానికి పంపుతామన్నారట. పంపేదాకా లేచి రానని చెప్పి ఆయన ఇంకా అక్కడే ఉన్నారు.